సమాధానం: బ్యాంకు యాప్‌లో మాత్రమే స్క్రీన్‌షాట్ నల్లగా వస్తోంది

మీ ఫోన్‌లో లోపమేమీ లేదండీ. మిగతా యాప్‌లలో స్క్రీన్‌షాట్ బాగానే పడుతూ బ్యాంకు యాప్‌లో మాత్రం నల్లగా వస్తోందన్నారు కదా, అడ్డుకుంటున్నది ఆ యాపే. ఆండ్రాయిడ్‌లో 'ఫ్లాగ్ సెక్యూర్' అని ఒకటి ఉంటుంది. యాప్ తయారుచేసినవాళ్లు అది పెడితే ఆ తెరను స్క్రీన్‌షాట్ తీయడానికి, రికార్డు చేయడానికి సిస్టమ్ ఒప్పుకోదు. క్రోమ్ ఇన్‌కాగ్నిటోలో (చూసిన పేజీల చరిత్ర దాచుకోని మోడ్‌లో) మామూలుగా స్క్రీన్‌షాట్ రాకపోవడానికీ కారణం ఇదే. ఫోన్ సెట్టింగ్స్‌లో దీన్ని ఆపే బటన్ ఉండదు, వెతికి లాభం లేదు.

'ఆ బ్లాక్ తీసేస్తాం' అనే యాప్‌లు మాత్రం దయచేసి వేసుకోకండి. అవి అడిగే యాక్సెసిబిలిటీ పర్మిషన్ ఇచ్చారంటే తెర మీద కనిపించేవన్నీ చదివేయగలవు. రసీదు కావాలంటే ట్రాన్సాక్షన్ వివరాల్లో షేర్ లేదా డౌన్‌లోడ్ ఉందేమో చూడండి. లేకపోతే ఆ తేదీ స్టేట్‌మెంట్ పీడీఎఫ్ దించుకుని, యూటీఆర్ నంబరు (ఆ ఒక్క లావాదేవీకి మాత్రమే ఉండే గుర్తింపు నంబరు) కాపీ చేసి పెట్టుకోండి. డబ్బు చేరలేదని ఫిర్యాదు చేసేటప్పుడు బొమ్మకన్నా ఆ నంబరే పనికొస్తుంది.

ఇక స్క్రీన్‌షాట్ తీయబోతే అప్పుడప్పుడు సౌండ్ తగ్గడమో, తెర ఆరిపోవడమో జరుగుతోందన్నారు. రెండు బటన్లూ ఒకేసారి పడట్లేదన్నమాట. వాల్యూమ్ డౌన్, పవర్ కలిపి నొక్కి వెంటనే వదిలేయండి.