పిల్లలకు టైప్ 1 షుగర్ అని తేలితే ఇంట్లోవాళ్లు ఎలా తట్టుకుంటారు?

గాజువాకలో ఉండే మా అక్క కొడుక్కి 9 ఏళ్లకే ఇది వచ్చింది. మొదటి నెలంతా తప్పెవరిదన్న వెతుకులాటే. మిఠాయిలు పెట్టి మనవణ్ణి పాడుచేశానని మా అమ్మ కుమిలిపోయింది. నిజానికి మిఠాయిలు తింటే ఇది రాదు. ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే నాశనం చేస్తుంది. డాక్టరు ఆ మాట అమ్మకే నేరుగా చెప్పాక ఇల్లు కాస్త కుదుటపడింది.

అక్క రాత్రి 2 గంటలకు లేచి వాడి వేలు గుచ్చి చూసేది. రక్తంలో షుగర్ 70 కంటే తగ్గితే పంచదార నీళ్లు పట్టి, పావుగంటకి మళ్లీ చూడాలి. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదిది. బావ కూడా సూది వేయడం నేర్చుకున్నాడు. స్కూలు బ్యాగులో గ్లూకోజ్ పొడి సర్దేదీ ఆయనే.

ఈ హడావిడిలో తోబుట్టువుల్ని మర్చిపోతారు. వాడి చెల్లెలు ఒకరోజు "నాకూ సూది వెయ్యమ్మా" అంది. అప్పట్నుంచి ఆదివారం సాయంత్రాలు అక్క దాన్నొక్కదాన్నే ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తోంది.