సన్నగా, నీరసంగా ఉన్న పిల్ల బ్యాలేకి పనికిరాదా?

మీ తొమ్మిదేళ్ళ పాప మరీ బలహీనంగా ఉందని, బ్యాలేకి ఆ ఒళ్ళు సరిపోదని క్లాసులో తేల్చేశారట. అలా అనిపించుకుని పైకొచ్చినవాళ్ళు ఉన్నారా అని అడిగారు. సరిగ్గా ఆ వయసులోనే ఆ మాట పడిన అమ్మాయి, తర్వాత పేరుమోసిన రష్యన్ బ్యాలే డాన్సర్ అన్నా పావ్లోవా.

1881లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టింది. తల్లి బట్టలుతికి ఇల్లు గడిపేది. ఒకసారి మారిన్‌స్కీ థియేటర్‌లో బ్యాలే చూపిస్తే, నేనూ ఇదే చేస్తానని పిల్ల పట్టుబట్టింది. ఇంపీరియల్ బ్యాలే స్కూల్ వాళ్ళు మొదటిసారి వద్దన్నారు. 1891లో, పదేళ్ళకి, చేర్చుకున్నారు.

చేరాక కష్టాలు తీరలేదు. అప్పటి ఫ్యాషన్ పొట్టిగా, దిట్టంగా ఉండి గిరగిరా తిరిగే ఇటాలియన్ డాన్సర్లది. పావ్లోవావి పొడుగాటి కాళ్ళూ చేతులూ. పాదాల వంపు ఎంత ఎక్కువంటే, మునివేళ్ళ మీద లేస్తే బొటనవేలికి దెబ్బ తగిలే ప్రమాదం ఉండేది. ఇటాలియన్ల విన్యాసాలు తనూ చేయబోతే గురువు పావెల్ గెర్ట్ వారించారు. ఆమె బలం ఆ నాజూకులోనే ఉందని ఆయన పోల్చుకున్నారు. షూస్‌కి అడుగున గట్టి తోలు వేయించుకుని, ముందుభాగం చదును చేయించుకుంది. ఇది మోసమని గొణిగినవాళ్ళున్నారు కానీ, మునివేళ్ళ మీద నిలబడి ఆడటానికి ఇప్పుడు వేసుకునే పాయింట్ షూస్ ఆ దారిలో వచ్చినవే.

1906కల్లా మారిన్‌స్కీలో ప్రిమా బాలెరీనా, అంటే ప్రధాన నర్తకి. కొరియోగ్రాఫర్ ఫోకిన్ ఆమె కోసం కూర్చిన 'డయింగ్ స్వాన్' (చనిపోతున్న హంస) నాట్యం చూడండి. పెద్ద గెంతులేమీ లేవు. మునివేళ్ళ మీద చిన్న చిన్న అడుగులు, మిగతాదంతా చేతులదే. పనికిరావన్న ఆ పొడుగు చేతులే!

తర్వాత సొంత బృందంతో దేశాలన్నీ తిరిగింది, ఇండియాకీ వచ్చింది. 1920ల చివర్లో ఆమెను కలిసిన రుక్మిణీదేవి అరుండేల్ బ్యాలే మొదలుపెడితే, మీ దేశపు నాట్యం వైపు చూడమని ప్రోత్సహించింది పావ్లోవాయే. రుక్మిణీదేవి పెట్టిన నాట్య పాఠశాల కళాక్షేత్ర ఆ తర్వాతి మాట.

నా సంగతి చెప్పాలంటే, నేను భరతనాట్యం నేర్చుకున్నాను. కాళ్ళు పొడుగు కావడంతో అరమండి (మోకాళ్ళు పక్కలకి మడిచి సగం కూర్చునే భంగిమ) దిగేది కాదు, క్లాసులో ఎప్పుడూ వెనక వరసే. తర్వాత వచ్చిన టీచరమ్మ జతుల (లయకి వేసే అడుగుల వరసల) మీద పట్టు వదిలి అభినయం మీద కూర్చోబెట్టారు. నేనేం స్టార్‌ని కాలేదు, కానీ డాన్స్ మానలేదు. ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నా.

కాబట్టి ఆ టీచర్‌ని విడమరిచి అడగండి: చీలమండలు బలంగా లేవా, ఆయాసం వస్తోందా, లేక చూడటానికి సన్నగా ఉందనేనా? మొదటి రెండూ అయితే డాక్టర్‌కి చూపించి, తిండి, వ్యాయామంతో సరిచేయొచ్చు. మూడోదైతే క్లాసు మార్చండి. పాయింట్ షూస్ గురించి టెన్షన్ వద్దు, తొమ్మిదేళ్ళకి ఎవరికీ వేయకూడదు.