మూత్రంలో బ్యాక్టీరియా కనిపిస్తే మందు వాడాల్సిందేనా?

ప్రశ్న: నాకు కిడ్నీ మార్పిడి జరిగి 14 నెలలైంది. మామూలుగా చేయించే పరీక్షల్లో యూరిన్ కల్చర్‌కి 'ఈ.కోలై, లక్షకు పైన' అని వచ్చింది. మంట లేదు, జ్వరం లేదు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎప్పటిలాగే ఉంది. డాక్టరుగారు మందు అక్కర్లేదన్నారు. కొత్త కిడ్నీ పాడైపోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: మీ డాక్టరుగారు చెప్పింది సరైన మాట. కల్చర్ అంటే మూత్రంలోని బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష, ఈ.కోలై ఒక రకం బ్యాక్టీరియా. ఆ లక్ష అనేది ఒక మిల్లీలీటరు మూత్రం నుంచి పెరిగిన కాలనీల (బ్యాక్టీరియా గుంపుల) లెక్క. మూత్రంలో బ్యాక్టీరియా ఉందని మాత్రమే అది చెబుతుంది. జబ్బు చేసిందో లేదో చెప్పాల్సింది మీ ఒంట్లోని లక్షణాలు. మార్పిడి జరిగి నెల దాటినవారిలో లక్షణాలేవీ లేకపోతే బ్యాక్టీరియా కోసం వెతకొద్దనీ, కనబడినా మందివ్వొద్దనీ అమెరికా అంటువ్యాధుల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో ఉంది. ఇలాంటివారిలో కొందరికి యాంటీబయాటిక్ ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా పోల్చి చూశారు. మందు వాడినంత మాత్రాన కిడ్నీ ఇన్‌ఫెక్షన్లు తగ్గలేదు. పైగా అనవసరంగా వాడిన ప్రతి కోర్సూ ఆ మందుకి లొంగని బ్యాక్టీరియాకి చోటిస్తుంది. రేపు నిజంగా జ్వరం వచ్చిన రోజున నోటి మాత్రలు పనిచేయక, ఇంజెక్షన్ల కోసం ఆస్పత్రిలో చేరాల్సిన పరిస్థితి అలాగే వస్తుంది.

రిపోర్టులో చీము కణాలు ఎక్కువున్నా, మూత్రం వాసన వేసినా, కాస్త మబ్బుగా కనబడినా అవొక్కటే మందుకి కారణం కావు. మినహాయింపులున్నాయి. గర్భిణులకి మందివ్వాలి. మూత్రనాళంలో రక్తస్రావం అయ్యే ప్రక్రియ ఏదైనా చేయబోతున్నా ముందుగా ఇస్తారు. మార్పిడి జరిగిన మొదటి నెల సంగతి వేరు. అప్పుడు స్టెంటు (మూత్రనాళంలో పెట్టిన సన్నని గొట్టం) లోపలే ఉంటుంది, రోగనిరోధక శక్తిని అణచే మందులూ ఎక్కువ మోతాదులో నడుస్తుంటాయి. అందుకే అప్పటి నిర్ణయం పూర్తిగా మీ వైద్య బృందానిదే.

ప్రశ్న: కల్చర్‌లో ఒకసారి మూడు రకాల క్రిములు అన్నారు, మళ్లీ చేస్తే ఏమీ లేదన్నారు. ఏది నమ్మాలి?

జవాబు: మూడు రకాలు కలిసి పెరిగాయంటే చాలాసార్లు అది చర్మం మీది బ్యాక్టీరియా సీసాలో పడటమే. శాంపిల్ పట్టే తీరులోనే సగం తప్పులు జరుగుతాయి. ముందు చేతులు కడుక్కోండి. ఆడవాళ్లు ముందు నుంచి వెనక్కి తుడుచుకుని, యోని పెదవులు విడదీసి పట్టుకోవాలి. మగవాళ్లు ముందరి చర్మం వెనక్కి లాగి శుభ్రం చేసుకోవాలి. మొదటి ధార వదిలేసి, ఆపకుండా మధ్య ధారని సీసాలో పట్టండి. సగం నిండితే చాలు. మూత లోపలివైపు, సీసా అంచు వేలితో తాకకండి. రెండు గంటల్లోపు ల్యాబ్‌కి చేరాలి, వీలుకాకపోతే ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటల్లోపు అందించాలి. బయట ఉంచిన శాంపిల్‌లో కొద్దిపాటి బ్యాక్టీరియా కూడా గంటల్లో పెరిగి లక్షలు దాటుతుంది. ఇంకో ముఖ్యమైన విషయం: శాంపిల్ ఇచ్చాకే యాంటీబయాటిక్ మొదటి మోతాదు వేసుకోవాలి.

ప్రశ్న: మరి ఎప్పుడు పరుగెత్తాలి? ఇంట్లో మిగిలిన మాత్రలు వేసుకోవచ్చా?

జవాబు: 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం, చలి వణుకు, వాంతులు, మూత్రం తగ్గడం, కొత్త కిడ్నీ ఉన్న చోట నొప్పి: వీటిలో ఏ ఒక్కటి కనబడినా అదే రోజు చూపించుకోవాలి. అమర్చిన కిడ్నీ పొత్తికడుపులో ఓ పక్కన ఉంటుంది కాబట్టి నడుము నొప్పి కోసం ఎదురుచూడకండి. దానికి వెళ్లే నరాలు ఆపరేషన్‌లో తెగిపోతాయి గనుక నొప్పి అంతగా తెలియకపోవచ్చు కూడా. స్టెరాయిడ్లు జ్వరాన్ని కప్పేస్తాయి. వట్టి నీరసం, క్రియాటినిన్ పెరగడం మాత్రమే కనబడే సందర్భాలూ ఉంటాయి.

మిగిలిన మాత్రలు వద్దే వద్దు. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, ఫ్లుకోనజోల్ రక్తంలో టాక్రోలిమస్ (శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించకుండా వాడే మందు) స్థాయిని పెంచి కిడ్నీని దెబ్బతీస్తాయి. రిఫాంపిసిన్ ఆ మందు స్థాయిని పడగొట్టి, శరీరం కిడ్నీని తిరస్కరించే స్థితి తెస్తుంది. కోట్రైమాక్సజోల్ పూర్తి మోతాదులో పొటాషియం పెంచుతుంది. నైట్రోఫ్యురాంటోయిన్ మూత్రాశయం వరకే పనిచేస్తుంది, కిడ్నీ కణజాలానికి చాలినంత చేరదు. నొప్పికి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ జోలికి వెళ్లొద్దు. జ్వరం వచ్చిందని మైకోఫెనోలేట్ వంటి, రోగనిరోధక శక్తిని అణచే మందుల్ని సొంతంగా ఆపడం మరీ ప్రమాదం.

ప్రశ్న: ఆరు నెలల్లో మూడోసారి ఇన్‌ఫెక్షన్. ప్రతిసారీ కోర్సు పూర్తి చేశాను.

జవాబు: ఆరు నెలల్లో రెండుసార్లు వచ్చినా మందు మార్చి సరిపెట్టకూడదు, కారణం వెతకాలి. మూత్రం పోసిన తర్వాత లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూస్తారు. ప్రోస్టేట్ వాపు, రాళ్లు, తీయడం మరచిపోయిన స్టెంటు, మూత్రం కొత్త కిడ్నీలోకి ఎగదన్నడం, పాత కిడ్నీల్లో తిత్తులు: వీటిలో ఏదో ఒకటి దొరకవచ్చు. మెనోపాజ్ దాటినవారికి యోనిలో రాసే ఈస్ట్రోజెన్ క్రీము ఉపయోగపడుతుంది, వైద్యుల సలహాతో వాడండి. షుగరు అదుపులో ఉంచండి, మలబద్ధకం పెరగనివ్వకండి. మూత్రం పోసి కొద్ది నిమిషాలాగి మళ్లీ ప్రయత్నిస్తే మిగిలినది కూడా బయటికొస్తుంది. నీళ్లు ఎంత తాగాలన్నది మీ గుండె, కిడ్నీ పరిస్థితిని బట్టి డాక్టరునే అడగండి.