రెండు శైలులు ఢీకొన్న జపాన్ రెజ్లింగ్ మ్యాచ్ ఒక్కటే చూడాలంటే ఏది చూడాలి?

నా ఓటు 1995 అక్టోబర్ 9న టోక్యో డోమ్‌లో జరిగిన కేజీ ముటో, నొబుహికో తకాడా మ్యాచ్‌కే. కానీ ముందే చెప్పేస్తున్నా, మొదటిసారి చూసినప్పుడు నాకు ఆవలింతలు వచ్చాయి.

నేను రెజ్లర్ల బొమ్మలున్న ట్రంప్ కార్డుల కాలం వాణ్ణి. విజయవాడలో మా పెదనాన్నగారి అబ్బాయి "అదంతా ఉత్త డ్రామారా" అన్నప్పుడల్లా వాడితో కొట్లాటే. ఉద్యోగం మీద టోక్యో వెళ్ళాక, ఆఫీసులో రిటైర్మెంటుకి దగ్గర పడ్డ ఒకాయనకి నా పిచ్చి సంగతి తెలిసి ఈ మ్యాచ్ చూడమన్నాడు. ఆ రోజు డోమ్‌కి వచ్చిన 67,000 మందిలో ఆయనా ఒకడు. ఆ రాత్రే పెట్టుకుని చూశా. ఇద్దరూ కింద పడి చేతులూ కాళ్ళూ పెనవేసుకుని ఎంతసేపటికీ లేవరు. పది నిమిషాలు కాకముందే ఫోన్ చేతిలోకి తీసుకున్నా.

మర్నాడు ఆ మాటే చెప్తే ఆయన కోప్పడలేదు. "తాళ్ళు గమనించావా?" అన్నాడంతే. ఆ వారాంతం ఇజకాయలో, అంటే అక్కడి చిన్న మందు హోటల్లో, రెండు గ్లాసులు ఖాళీ అయ్యేదాకా తాళ్ళ గురించే మాట్లాడాడు.

మనం చిన్నప్పట్నుంచీ చూసిన రెజ్లింగ్‌లో ఒకడు చెయ్యి పట్టి విసిరితే రెండోవాడు తాళ్ళ దాకా పరిగెత్తి, వాటిని తగిలి, బుద్ధిగా వెనక్కొచ్చి దెబ్బ తింటాడు. ఎందుకొస్తాడని అడక్కూడదు. అది ఇద్దరి మధ్యా ఒప్పందం. తకాడా నడిపిన యూడబ్ల్యూఎఫ్ ఇంటర్నేషనల్ అనే రెజ్లింగ్ కంపెనీలో ఆ ఒప్పందమే లేదు. అక్కడ తాడు ఉన్నది తప్పించుకోవడానికి. ఒక్కొక్కరికీ 15 పాయింట్లు, పట్టులో చిక్కి తాడు అందుకుంటే ఒకటి పోతుంది, దెబ్బకి కింద పడితే మూడు పోతాయి. సున్నాకి వస్తే ఓటమి. తన్నులు, కీళ్ళు విరిచే పట్లు, ఎత్తి వెనక్కి విసిరే సూప్లెక్సులు, వాళ్ళ ఆటంతా అదే. "మాది అసలు, మిగతావాళ్ళది నాటకం" అన్నది వాళ్ళ ప్రచారం. నిజానికి వాళ్ళ ఫలితాలూ ముందే అనుకున్నవే. కానీ అప్పట్లో టికెట్ కొన్నవాళ్ళు చాలామంది మనస్ఫూర్తిగా నమ్మారు. మా ఆఫీసాయన కూడా నమ్మినవాడే, ఆ రోజు తకాడా వైపు కూర్చున్నాడు.

ముటో అందుకు పూర్తిగా ఎదురు. ముఖానికి రంగు పూసుకుని గ్రేట్ ముటాగా అమెరికాలో పేరు తెచ్చుకున్నవాడు, తాళ్ళపైకెక్కి వెనక్కి పల్టీ కొట్టి మీద పడే మూన్‌సాల్ట్‌కి పెట్టింది పేరు. అప్పటికి న్యూ జపాన్ అనే రెజ్లింగ్ కంపెనీలో పెద్ద బెల్టయిన ఐడబ్ల్యూజీపీకి ఛాంపియన్ కూడా. తమాషా ఏంటంటే ఇద్దరూ న్యూ జపాన్ డోజోలో, అంటే వాళ్ళ శిక్షణ శాలలో, పెరిగినవాళ్ళే. తకాడా 1981లో, ముటో 1984లో అక్కడే మొదలెట్టారు. ముటో వచ్చిన ఏడే తకాడా, తన కంపెనీకి ముందున్న మొదటి యూడబ్ల్యూఎఫ్‌కి వెళ్ళాడు. మధ్యలో ఒకసారి తిరిగొచ్చి, మళ్ళీ విడిపోయాడు. అంటే ఇది పరాయివాళ్ళ గొడవ కాదు, పొయ్యి వేరుపడ్డ అన్నదమ్ముల గొడవ. దానికి తోడు తకాడా కంపెనీ అప్పుల్లో ఉంది, న్యూ జపాన్‌తో మ్యాచ్‌లు ఒప్పుకోవడం వెనక ఆ అవసరం కూడా ఉంది.

ఇవన్నీ విన్నాక మళ్ళీ చూశా. నాకు నిద్ర తెప్పించిన ఆ మొదటి భాగమే ఈసారి ఊపిరి బిగబట్టి చూశా. మూన్‌సాల్టుల ముటో నేల మీద తకాడాతో వాళ్ళ ఆటే ఆడుతున్నాడు, పైగా వెనకబడట్లేదు. (చిన్నప్పుడు జూడో నేర్చినవాడు మరి.) తకాడా మనుషులు ఎగతాళి చేసేది "వీళ్ళకి అసలు కుస్తీ రాదు" అనే కదా, దానికి జవాబు మొదటి నిమిషాల్లోనే వచ్చేసింది. నేనేమో పల్టీలెప్పుడు కొడతాడా అని చూస్తూ దాన్ని వదిలేశాను.

అసలు సంగతి చివర్లో ఉంది. తకాడా ఆయుధం తన్ను. తన్నాలంటే కాలు ఎదుటివాడి దగ్గరికి పంపాలి. ముటో ఆ కాలు పట్టేసి, దాంతో పాటే తనూ లోపలికి గిర్రున తిరిగి పడిపోతాడు, మోకాలు మెలిపడుతుంది. డ్రాగన్ స్క్రూ అంటారు, తత్సుమి ఫుజినామి మొదలుపెట్టిన ఎత్తు. ఆ దెబ్బ తిన్న కాలి మీద ఫిగర్ ఫోర్ వేశాడు. కాళ్ళు 4 అంకెలా పెనవేసుకునే పట్టు అది, జపాన్‌లోనూ దాని పేరులో నాలుగే ఉంది: అషి యోనోజి గటామే. 16 నిమిషాల 16 సెకన్లకి తకాడా లొంగిపోయాడు.

ఏ కొత్త పట్టుకో లొంగితే అంత బాధ ఉండేది కాదన్నాడు మా ఆఫీసాయన. 1963లో ముసుగు వేసుకునే అమెరికన్ రెజ్లర్ డెస్ట్రాయర్ అదే పట్టు అప్పటి జపాన్ రెజ్లింగ్ హీరో రికిడోజాన్ మీద వేసినప్పుడు టీవీ రేటింగ్ 64 శాతం. ఆయన వయసు పిల్లలంతా బడిలో ఒకళ్ళ మీద ఒకళ్ళు వేసుకున్నారట. "నాటకం" అని యూడబ్ల్యూఎఫ్ అభిమానులు నవ్వుకునే పాతకాలం పట్టుకి తమ నాయకుడు చేతులెత్తేశాడు. ఆ రాత్రి డోమ్ నుంచి స్టేషన్ దాకా స్నేహితులెవరూ మాట్లాడుకోలేదని చెప్పి, నవ్వి, మూడో గ్లాసు తెప్పించాడు.

ఇది నచ్చితే 1996 జనవరి 4న అదే డోమ్‌లో జరిగిన రెండో మ్యాచ్ కూడా చూడండి. తకాడా చేతి పట్టుతో గెలిచి బెల్టు తీసుకుపోతాడు. నాకైతే మొదటిదే ఎక్కువ. పల్టీల కోసం ఎదురుచూడకుండా తకాడా కాలి మీదే కన్నేసి చూడండి.

ఇంకో మాట. సెలవుకి ఇంటికొచ్చినప్పుడు ఫిగర్ ఫోర్ మా తమ్ముడి మీద వేసి చూశా. వాడు బోర్లా తిరిగాడు. అలా తిరిగితే నొప్పి వేసినవాడికే తగులుతుందని చదివాను గానీ అప్పటిదాకా నమ్మలేదు. రెండ్రోజులు కుంటుతూ తిరిగాను.