సాఫ్ట్ ఫోకస్ కావాలంటే ముందు షార్ప్ ఫొటో తీయండి

ప్రశ్న: మా అక్క సీమంతం చీరలో ఉండగా చంద్రగిరి కోటలో రాజమహల్ ముందు ఫోన్‌తో ఫొటోలు తీశాను. పాత సినిమాల్లో హీరోయిన్ల క్లోజప్‌లా మెత్తగా రావాలని యాప్‌లో బ్లర్ పెంచితే మొహమంతా అలికేసినట్టు అయింది. ప్రత్యేకమైన లెన్స్ కొనాలా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఏమీ కొనక్కర్లేదమ్మా. మీరు వాడింది బ్లర్, మీకు కావాల్సింది సాఫ్ట్ ఫోకస్. బ్లర్‌లో కనురెప్పలు, ముక్కుపుడక, చీర జరీ అన్నీ కరిగిపోతాయి. సాఫ్ట్ ఫోకస్‌లో అవన్నీ ఉన్నచోటే ఉంటాయి, వాటి చుట్టూ పల్చటి వెలుగు పరుచుకుంటుంది. కెనాన్ 1987లో తెచ్చిన 135 ఎంఎం సాఫ్ట్ ఫోకస్ లెన్స్ చేసే పని కూడా ఇదే. లెన్స్ అంచుల నుంచి వచ్చే కిరణాలు, మధ్య నుంచి వచ్చేవి ఒకే చోట కలవవు. అందుకని స్పష్టమైన బొమ్మ మీద మసక బొమ్మ ఒకటి కూర్చుంటుంది.

ఆ రెండు బొమ్మల్నీ మనమే కలుపుకోవచ్చు. కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే జింప్ అనే ఫొటో ఎడిటర్‌లో ఫొటో తెరిచి, లేయర్‌ని (అంటే ఫొటో పొరని) డూప్లికేట్ చేయండి. పై లేయర్‌కి 'గాసియన్ బ్లర్' అనే మసక ఫిల్టర్ ఇచ్చి, అది కింది లేయర్‌తో కలిసే మోడ్‌ని 'స్క్రీన్'కి మార్చి, ఒపాసిటీ (పై పొర ఎంత కనిపించాలన్నది) 30 శాతం దగ్గర మొదలుపెట్టండి. తర్వాత లేయర్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీ కింద 'యాడ్ ఆల్ఫా చానల్' నొక్కి (లేకపోతే ఎరేజర్ చెరపకుండా రంగు పూస్తుంది), కళ్ళు, పెదవుల మీద మాత్రం ఆ లేయర్‌ని మెత్తటి ఎరేజర్‌తో చెరిపేయాలి. ఈ ఒక్క పనితోనే మొహానికి ప్రాణం వస్తుంది. స్క్రీన్ మోడ్ ఫొటోని తెల్లబరుస్తుంది కాబట్టి తీసేటప్పుడే ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుతురు) కాస్త తగ్గించుకోండి. ఫోన్‌లోనే చేయాలంటే స్నాప్‌సీడ్ యాప్‌లో 'గ్లామర్ గ్లో' అనే ఎఫెక్ట్ ఉంది, కొద్దిగా వాడితే చాలు. ఫోన్ కెమెరాలోని పోర్ట్రెయిట్ మోడ్ దీనికి పనికిరాదు, అది మసకబార్చేది మనిషి వెనకున్న దాన్నే. పైగా జడలో మల్లెపూల అంచుల్ని ఒక్కోసారి తినేస్తుంది.

అసలు సంగతి కంపోజిషన్‌లో, అంటే ఫ్రేమ్‌లో దేన్ని ఎక్కడ పెడతామన్నదాంట్లో ఉంది. సాఫ్ట్ ఫోకస్‌లో చిన్న చిన్న వివరాలు తగ్గిపోయి, ఆకారం, వెలుతురు మిగులుతాయి. తెల్లగా ఉన్న ప్రతిదీ ఉబ్బుతుంది. భుజం పక్కన కనిపించే ఆకాశం ముక్క, వెనకాల బోర్డు, ఎవరిదో తెల్లచొక్కా అన్నీ అక్క మొహం కంటే ముందు కంట్లో పడతాయి. అందుకే క్లిక్ చేసే ముందు ఫ్రేమ్ నాలుగు మూలలూ చూడండి. రాజమహల్ కమాను లోపలి నీడ ఆమె తల వెనక్కి వచ్చేలా మీరే రెండడుగులు జరగండి. సాయంత్రం ఎండ ఆమెకి వెనక పక్కనుంచి పడితే జుట్టు అంచు, పూలు వెలుగుతాయి. తర్వాత స్క్రీన్ మీద, కెమెరాకి దగ్గరున్న కంటిని తాకి ఫోకస్ పెట్టండి.

మనిషిని కెమెరా స్క్రీన్ మీద కనిపించే అడ్డం నిలువు గ్రిడ్ గీతల మీదే పెట్టాలని చాలామంది టెన్షన్ పడతారు. ఆమె పక్కకి చూస్తుంటే, చూసే వైపు ఖాళీ వదలడం బాగుంటుంది. కమాను కింద ఎదురుగా నిలబడితే మాత్రం నేనైతే నడిమధ్యే పెడతాను.

ప్రశ్న: ఏ ఎఫెక్ట్ పెట్టకపోయినా నా ఫోన్ ఫొటోలు పొగ పట్టినట్టు వస్తున్నాయి. రిపేరుకి ఇవ్వాలా?
- ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ముందు లెన్స్‌ని మెత్తటి, పొడి నూలు గుడ్డతో తుడవండి. వేలిజిడ్డు అంటితే దీపాల చుట్టూ ఇలాగే పొగలా వస్తుంది. లెన్స్ మీద అదనపు గ్లాస్ అతికించి ఉంటే తీసేసి మళ్ళీ ఒక ఫొటో తీయండి. అప్పటికీ అలాగే వస్తుంటే లోపల తేమ చేరి ఉండొచ్చు, అప్పుడు సర్వీస్ సెంటర్‌లో చూపించండి.