అమెరికాలో సోషలిజం అంటే సిద్ధాంతమా, తిట్టా?

"అమెరికావాళ్ళు సోషలిజం అంటే ఎందుకంత ఉలిక్కిపడతారు? మనకు తెలిసిన సోషలిజం, వాళ్ళు తిట్టేదీ ఒకటేనా?" అని అడిగారు. ఒకటి కాదు. నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళే పట్టింది.

మాది ఖమ్మం వైపు పల్లె. ఎర్రజెండా గద్దెల మధ్య పెరిగాను. పైగా 1976లో రాజ్యాంగ పీఠికలోనే 'సామ్యవాద' అని చేర్చుకున్న దేశం మనది. 2013లో విస్కాన్సిన్‌లోని మిల్వాకీలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా టీమ్‌లో ఒక పెద్దాయన లంచ్ దగ్గర "ఒబామా సోషలిస్టు" అని మండిపడేవాడు. ప్రైవేటు కంపెనీల దగ్గర ఆరోగ్య బీమా కొనుక్కోమన్నాయన సోషలిస్టేమిటో నాకు అంతుపట్టలేదు. అదే పెద్దాయన 65 ఎప్పుడు నిండుతాయా, మెడికేర్ ఎప్పుడొస్తుందా అని నెలలు లెక్కపెట్టుకునేవాడు. "అదీ ప్రభుత్వ బీమాయే కదా?" అన్నాను. "అది నా జీతంలోంచి నేను కట్టుకున్నది" అన్నాడు.

ఆ మాటలో కొంత న్యాయం ఉంది. నా పే స్లిప్‌లోనూ సోషల్ సెక్యూరిటీకి (ప్రభుత్వ వృద్ధాప్య పెన్షన్) 6.2 శాతం, మెడికేర్‌కు 1.45 శాతం కోసేవారు. (పదేళ్ళు నిండకుండా ఇండియా వచ్చేసిన నాబోటివాళ్ళకు ఆ పెన్షన్ రాదు. అది వేరే ఏడుపు.) కానీ మెడికేర్ ఇంకా ప్రతిపాదనగా ఉన్న 1961లో, అలాంటిది వస్తే సోషలిజం వచ్చేసినట్టేనని డాక్టర్ల సంఘం ఒక ప్రసంగం రికార్డు చేయించి పంచింది. మాట్లాడింది తర్వాత అధ్యక్షుడైన రోనాల్డ్ రీగన్, అప్పటికింకా నటుడు. 1965లో మెడికేర్ చట్టమైంది, జనానికి అలవాటైంది, ఇప్పుడు దాన్ని తీసేస్తామనే ధైర్యం ఏ పార్టీకీ లేదు. 1935 నాటి సోషల్ సెక్యూరిటీదీ ఇదే కథ.

అసలు విచిత్రం మిల్వాకీలోనే ఉంది. నేను రోజూ హోన్ బ్రిడ్జి మీదుగా ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి. ఆ హోన్ ఎవరో మూడేళ్ళ దాకా తెలియదు. డేనియల్ హోన్, సోషలిస్టు పార్టీ మేయర్, 1916 నుంచి 1940 వరకు ఏకధాటిగా! ఆయనకు ముందు 1910లో ఎమిల్ సీడెల్, తర్వాత 1948 నుంచి 1960 దాకా ఫ్రాంక్ జైడ్లర్, వీళ్ళూ సోషలిస్టులే. ఫ్యాక్టరీలేమీ స్వాధీనం చేసుకోలేదు. మంచినీళ్ళు, మురుగు కాలువలు, పార్కులు, లంచాల్లేని పాలన మీద పడ్డారు. విప్లవం మానేసి డ్రైనేజీ గొప్పలేమిటని సొంత పార్టీవాళ్ళే 'మురుగు కాలువ సోషలిస్టులు' అని వెక్కిరించారు. నన్నడిగితే అంతకన్నా మంచి బిరుదు లేదు.

జాతీయ స్థాయిలో పెద్ద పేరు యూజీన్ డెబ్స్, రైల్వే కార్మిక నాయకుడు. 1912 అధ్యక్ష ఎన్నికల్లో సోషలిస్టు పార్టీ తరఫున దాదాపు 6 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు. 1918లో యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడినందుకు పదేళ్ళ శిక్ష పడింది. 1920లో అట్లాంటా జైల్లోంచే పోటీ చేస్తే 9 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. కానీ పార్టీ 1919లోనే చీలింది, రష్యా భయం పెరిగింది, ప్రచ్ఛన్నయుద్ధంలో సోషలిజం అన్న మాటకు దేశద్రోహం అన్న అర్థం అంటుకుంది. క్యూబా నుంచి పారిపోయి ఫ్లోరిడా చేరినవాళ్ళకైతే అది ఉత్త తిట్టు కాదు, పోగొట్టుకున్న ఇల్లూ వాకిలీ. వాళ్ళ కోపాన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఈ కాలంలో తనను సోషలిస్టునని చెప్పుకునే సెనేటర్ బెర్నీ శాండర్స్ డెబ్స్ అభిమానే. కానీ ఆయన అడిగేది అందరికీ ప్రభుత్వ బీమా, ప్రభుత్వ కాలేజీల్లో ఉచిత చదువు. ఆదర్శంగా డెన్మార్క్‌ను చూపిస్తే, మాది మార్కెట్ ఆర్థిక వ్యవస్థ మహాప్రభో అని 2015లో ఆ దేశ ప్రధానే చెప్పుకోవాల్సి వచ్చింది!

మా పెద్దాయనకు హోన్ సంగతి చెప్పాను. "ఆయనా? మా నాన్న ప్రతిసారీ ఆయనకే ఓటేసేవాడు. మంచి మేయర్" అన్నాడు. మరి సోషలిస్టు కదా అంటే, "ఆ రోజుల్లో ఆ మాటకు అర్థం వేరు" అని శాండ్‌విచ్ అందుకున్నాడు.