ఏడు క్లబ్బులున్నా ప్రొఫైల్ పలచగా ఉందంటే

అమెరికా కాలేజీలకు దరఖాస్తు చేయబోతూ పదకొండో తరగతి చదువుతున్న మీ అమ్మాయి ఏడు క్లబ్బుల్లో ఉన్నా కౌన్సెలర్ "ప్రొఫైల్ పలచగా ఉంది" అన్నారంటే, కారణం బహుశా ఇదే: అన్నిట్లో పేరుంది, ఏ ఒక్కదాంట్లోనూ చేసిన పని కనబడటం లేదు.

1. తనకు నిజంగా ఇష్టమైనవి రెండో మూడో ఉంచండి. మిగతావి వదిలేయొచ్చు.

2. చాలామంది మరిచిపోయేది ఇది: ఏ పని ఎన్ని గంటలు చేసిందో ఈరోజు నుంచే రాసుకోమనండి. చాలా అమెరికా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు చేసుకునే కామన్ యాప్‌లో 10 యాక్టివిటీల వరకు పెట్టొచ్చు. ఒక్కోదానికి వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతారు. వివరణకు 150 క్యారెక్టర్లే. అందులో "క్లబ్ సభ్యురాలు" అని కాదు, "ఆరుగురు పిల్లలకు వారంవారం లెక్కలు చెప్పాను" అన్నట్టు ఉండాలి. వచ్చే ఏడాది కూర్చుని గుర్తు తెచ్చుకుందామంటే ఈ వివరాలు దొరకవు.

3. ఇంట్లో తమ్ముణ్ణి చూసుకోవడం, పార్ట్‌టైమ్ ఉద్యోగం కూడా యాక్టివిటీలే. తప్పకుండా రాయించండి.